ట్రైలర్ కెమెరాకి కరెంటు ఎక్కణ్ణుంచి?

ట్రావెల్ ట్రైలర్ వెనక కెమెరా బిగించే పని వర్క్ ఆర్డర్ మీద చాలా చిన్నగా కనిపిస్తుంది. ఒక బ్రాకెట్, నాలుగు స్క్రూలు, రెండు వైర్లు. ఫ్లాట్ రేటు మీద నడిచే షాపుల్లో దీనికి గంటో గంటన్నరో రాసి చేతిలో పెడతారు. అదే ట్రైలర్ మూడు వారాల తర్వాత బొమ్మ రావట్లేదంటూ తిరిగొస్తే, రెండోసారి పెట్టిన గంటలకి డబ్బులు రావు. పైగా ఆ రోజు చేయాల్సిన వేరే పని పోతుంది. నేను చూసిన కమ్‌బ్యాకుల్లో కెమెరాయే చెడిపోయినవి బాగా తక్కువ. మిగతావన్నీ కరెంటు తీసుకున్న చోటు, ఎర్త్ కలిపిన చోటు, వైరు కోసం వేసిన కన్నం - ఈ మూడింటిలో ఒకదాని వల్ల వచ్చినవే.

విజయవాడ ఆటోనగర్‌లో టెస్ట్ లాంపు పట్టుకుని లారీల కింద పడుకుని పని నేర్చుకున్నవాళ్లు అమెరికాలో ఆర్‌వీ షాపుకి వస్తే, ఇందులో కొత్తేముంది అనుకుంటారు. చాలావరకు అది నిజమే. అయితే ఇక్కడ బండి రెండు ముక్కలు. ముందు ఒకరి పికప్పు, వెనక ఇంకో కంపెనీ ట్రైలర్, మధ్యలో ఒక 7-పిన్ ప్లగ్గు. ఆ రెండింటినీ చేసినవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకుని వైరింగ్ చేయలేదు. ఆ భారం మన మీద పడుతుంది.

కస్టమర్ ఈ కెమెరా ఎందుకు అడుగుతాడో కూడా తెలుసుకోండి. 2018 మే 1 నుంచి తయారైన, 10,000 పౌండ్లు మించని కొత్త బళ్లన్నిటికీ అమెరికాలో వెనక కెమెరా తప్పనిసరి. 2002లో తండ్రి రివర్స్ చేస్తున్న బండి కింద పడి చనిపోయిన కామెరాన్ గుల్‌బ్రాన్సెన్ అనే రెండేళ్ల బాబు పేరుతో వచ్చిన చట్టం దీనికి మూలం. కానీ ఆ నిబంధన ట్రైలర్లకి వర్తించదు. ట్రైలర్ తగిలించగానే పికప్పు వెనక కెమెరాకి ట్రైలర్ ముందు గోడ తప్ప ఏమీ కనపడదు. రోజూ కెమెరా చూసి రివర్స్ చేయడానికి అలవాటు పడ్డవాడు 30 అడుగుల గోడ లాగుతూ గుడ్డివాడైపోయినట్టు భయపడతాడు. అందుకే మన దగ్గరికి వస్తాడు.

కాబట్టి పనిముట్లు తీసే ముందు ఒక్క ప్రశ్న అడగండి: రివర్స్ చేసేటప్పుడే కావాలా, హైవే మీద నడుస్తున్నంతసేపూ వెనక వచ్చే బళ్లు కనపడాలా? చాలామందికి రెండోదే కావాలి. రివర్స్ పిన్ను నుంచి కరెంటు తీసి అప్పగించాక ఈ సంగతి తెలిస్తే పనంతా మళ్లీ చేయాలి.

ఇప్పుడు వచ్చే ట్రైలర్లలో చాలావాటికి వెనక పైభాగంలో, మధ్య మార్కర్ లైట్ల దగ్గర, కెమెరా కోసం బ్రాకెట్టూ వైరూ కంపెనీలోనే పెట్టి పంపుతారు. ఫ్యూరియన్ కెమెరాల కోసం ఇలా సిద్ధం చేసినవి తరచూ కనిపిస్తాయి. ఆ వైరుకి కరెంటు సాధారణంగా రన్నింగ్ లైట్ల లైను నుంచి వస్తుంది. అంటే పికప్పు పార్కింగ్ లైట్లో హెడ్‌లైట్లో వేస్తేనే కెమెరా బతుకుతుంది. ఇక్కడే మొదటి దెబ్బ తగులుతుంది. బేలో మనం లైట్లు వేసి చూస్తాం, బొమ్మ బ్రహ్మాండంగా వస్తుంది. కస్టమర్ శనివారం పొద్దున ఎండలో బయల్దేరతాడు. పగటిపూట వెలిగే డీఆర్ఎల్ లైట్లు ముందువైపువే, వాటితో ట్రైలర్ రన్నింగ్ లైట్ల లైనుకి కరెంటు రాదు. స్క్రీన్ నల్లగా ఉంటుంది. సోమవారం మన షాపుకి ఫోన్ వస్తుంది.

దీనికి నా పద్ధతి చెబుతాను. బండి లాగుతున్నంతసేపూ హెడ్‌లైట్లు వేసే ఉంచమని కస్టమర్‌కి నోటితో చెప్పి, వర్క్ ఆర్డర్ మీద రాసి, సంతకం తీసుకుంటాను. అంత పొడుగు బండి ఎదుటివాడికి కనపడటం కూడా మంచిదే. ఒప్పుకోనివాళ్లకి వేరే లైను వేయాలి, దానికి వేరే గంటలు పడతాయి. ఆ మాట ముందే సర్వీస్ రైటర్‌తో చెప్పించుకోండి.

వేరే లైను అనగానే కొత్తవాళ్లు చేసే పని ట్రైలర్ బ్యాటరీ నుంచి నేరుగా లాగడం. లెక్క వేయండి. కెమెరా 0.3 ఆంపియర్లు తీసుకుంటుంది అనుకుందాం. రోజుకి 24 గంటలు, అంటే 7.2 ఆంపియర్-అవర్లు. మామూలు గ్రూప్ 24 డీప్ సైకిల్ లెడ్ బ్యాటరీ 75, 80 ఆంపియర్-అవర్ల మధ్య ఉంటుంది. అందులో సగానికి మించి వాడితే దాని ఆయుష్షు తగ్గుతుంది. స్టోరేజీ యార్డులో నిలబెట్టిన ట్రైలర్‌లో అయిదారు రోజుల్లో ఆ సగం ఖర్చయిపోతుంది. పైగా హిచ్ ఊడితే బ్రేకులు పట్టించే బ్రేక్‌అవే స్విచ్చు కూడా ఆ బ్యాటరీనే నమ్ముకుని ఉంటుంది. కెమెరా తాగేసిన బ్యాటరీతో అది పనిచేయకపోతే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. కాబట్టి బ్యాటరీ నుంచి తీస్తే మధ్యలో స్విచ్చు, దానికి వెలిగే సూచిక లాంపు తప్పనిసరి. ముందు స్టోరేజీ తలుపు తీయగానే కనపడే చోట పెట్టండి. 7-పిన్‌లోని 12 వోల్టుల చార్జ్ లైను నుంచి తీసినా ఇదే సమస్య, ఎందుకంటే ట్రైలర్ జంక్షన్ బాక్సులో ఆ లైను బ్యాటరీకే కలిసి ఉంటుంది. ప్లగ్గు పీకేసినా బ్యాటరీ నుంచి కరెంటు వెనక్కి వస్తూనే ఉంటుంది.

బ్రేకుల నీలం వైరు జోలికి మాత్రం పోవద్దు. కారణం ఏదైనా సరే, దాన్ని గీకి ట్యాప్ చేయొద్దు.

వైరు రంగుల సంగతి. పికప్పుల వైపు, యుటిలిటీ ట్రైలర్ల మీద ఎక్కువగా కనిపించే పద్ధతిలో బ్రౌన్ రన్నింగ్ లైట్లకి, పసుపు ఎడమ వైపుకి, ఆకుపచ్చ కుడి వైపుకి. ఆర్‌వీలు కట్టేవాళ్లు వాడే పద్ధతిలో ఆకుపచ్చ రన్నింగ్ లైట్లకి, ఎరుపు ఎడమకి, బ్రౌన్ కుడికి, పసుపు రివర్స్‌కి. రెండింటిలోనూ తెలుపు ఎర్త్, నీలం బ్రేకులు. రంగు చూసి బ్రౌన్ వైరుకి కెమెరా కలిపినవాడి ట్రైలర్‌లో కుడి ఇండికేటర్ వేసినప్పుడల్లా కెమెరా ఆన్ అయి ఆరిపోతూ ఉంటుంది. రంగుని నమ్మకండి. పికప్పు తగిలించి, ఒకర్ని లోపల కూర్చోబెట్టి, లైట్లు, ఇండికేటర్లు, బ్రేకు, రివర్స్ ఒక్కోటీ వేయించి మీటర్‌తో చూడండి. అయిదు నిమిషాల పని.

మీటర్‌కి కూడా ఒక పరిమితి ఉంది. కొన్ని కొత్త పికప్పులు రన్నింగ్ లైట్ల లైనుకి నిలకడగా 12 వోల్టులు ఇవ్వవు. కంప్యూటర్ ఆ లైనుని చాలా వేగంగా ఆన్-ఆఫ్ చేస్తూ కరెంటుని ముక్కలుగా పంపుతుంది. మీటర్ సగటు చూపిస్తుంది కాబట్టి కాస్త తక్కువ అనిపిస్తుందే తప్ప అనుమానం రాదు. బల్బుకి తేడా తెలియదు. కెమెరా మాత్రం రీస్టార్ట్ అవుతూ ఉంటుంది, బొమ్మ వణుకుతుంది. కెమెరా మార్చినా, స్క్రీన్ మార్చినా అదే. అలాంటప్పుడు కెమెరాని నిలకడైన 12 వోల్టుల బెంచ్ సప్లై మీద రెండు నిమిషాలు నడిపి చూడండి. అక్కడ బాగుంటే తప్పు లైనుది. పార్టులు మార్చడం ఆపి, వేరే చోట నుంచి కరెంటు తీసుకోండి.

ఇక ఎర్త్. ఈ పనిలో ఎక్కువమందిని తిప్పలు పెట్టేది ఇదే, తక్కువమంది కొలిచేదీ ఇదే. వైరు సన్నగా ఉండటం వల్ల వోల్టేజి పడిపోతోంది అంటారు చాలామంది. నిజంగా లెక్కేస్తే అంత ఉండదు. 18 గేజి రాగి వైరుకి 1,000 అడుగులకి దాదాపు 6.4 ఓములు. పోను 55, రాను 55, మొత్తం 110 అడుగులు అనుకుంటే 0.7 ఓములు. రాత్రిపూట ఇన్‌ఫ్రారెడ్ లైట్లతో కలిపి కెమెరా 0.5 ఆంపియర్లు లాగినా పోయేది 0.35 వోల్టులే. దానికి కెమెరా ఆగదు.

అసలు నష్టం ఇలా జరుగుతుంది. రెండు ఇరుసుల ట్రైలర్‌కి నాలుగు బ్రేకు మాగ్నెట్లు ఉంటాయి. ఒక్కోటి పూర్తిగా పట్టినప్పుడు 3 ఆంపియర్ల దాకా లాగుతుంది. మొత్తం 12 ఆంపియర్లు 7-పిన్‌లోని ఆ ఒక్క తెల్ల వైరు గుండానే పికప్పుకి తిరిగి వెళ్లాలి. ట్రైలర్ టంగ్ దగ్గర ఫ్రేముకి బిగించిన ఎర్త్ టెర్మినల్ తుప్పు పట్టి 0.2 ఓములు అడ్డుపడిందనుకోండి. బ్రేకు తొక్కగానే అక్కడ 2.4 వోల్టులు పోతాయి. కెమెరాకి అందేది ఒక్కసారిగా తగ్గుతుంది. పైగా బ్రేకు కంట్రోలర్ కూడా కరెంటుని ముక్కలుగానే పంపుతుంది కాబట్టి ఆ తగ్గుదల నిలకడగా ఉండదు, కొట్టుకుంటూ ఉంటుంది. స్క్రీన్ మీద అడ్డగీతలు పరిగెడతాయి. 'మామూలుగా బాగానే ఉంటుంది, బ్రేకు వేస్తేనే పాడవుతోంది' అని కస్టమర్ అంటే వెంటనే ఎర్త్ చూడండి.

వైరుతో బొమ్మ వెళ్లే కెమెరాల్లో దీనికంటే పెద్ద చిక్కు ఉంది. కెమెరాని ట్రైలర్ ఫ్రేముకి ఎర్త్ చేసి, వీడియో కేబుల్ రెండో కొసని పికప్పులో మానిటర్‌కి పెట్టారనుకోండి. ఆ కేబుల్ పైన ఉండే షీల్డు కూడా ఒక ఎర్త్ దారే. తెల్ల వైరు దారి పాడైతే బ్రేకుల కరెంటులో కొంత ఆ సన్నటి షీల్డు గుండా పోవడానికి చూస్తుంది. బొమ్మ చెడటమే కాదు, కేబుల్ వేడెక్కవచ్చు. అందుకని వైరు కెమెరాకి కరెంటు, ఎర్త్, వీడియో మూడూ మానిటర్ నుంచి ఒకే నాలుగు పిన్నుల కేబుల్‌లో పంపండి. ట్రైలర్ వైపు ఫ్రేముకి ఎక్కడా తగలనివ్వద్దు. ఇనుప బ్రాకెట్ కెమెరా ఒంటిని ఫ్రేముకి కలుపుతోందేమో కంటిన్యుటీ పెట్టి చూసి, కలుపుతుంటే మధ్యలో రబ్బరో ప్లాస్టిక్ వాషరో వేయండి. ఇలా చేస్తే పైన చెప్పిన రన్నింగ్ లైట్ల సమస్య, బ్యాటరీ సమస్య కూడా పోతాయి. ఎక్కువ దూరాలు లాగేవాళ్లకి నేను వైరు కెమెరానే సిఫారసు చేస్తాను.

కొలిచే పద్ధతి తేలికే. మీటర్ ఒక ప్రోబు కెమెరా ఎర్త్ మీద, పొడుగు వైరు కట్టిన రెండోది పికప్పు బ్యాటరీ నెగటివ్ మీద. లైట్లన్నీ వేసి, బ్రేకు కంట్రోలర్ చేత్తో పూర్తిగా నొక్కించి, రీడింగ్ రాసుకోండి. అర వోల్టు దాటితే కెమెరా బిగించే ముందు ఆ ఎర్త్ బాగు చేయాలి, దాని గంటలు వేరే రాయించుకోవాలి.

వైర్‌లెస్ కెమెరాల గురించి ఎక్కువ చెప్పేది లేదు. ఎక్కువభాగం 2.4 గిగాహెర్ట్జ్ మీద నడుస్తాయి. గోడల్లో అల్యూమినియం, ఫాయిల్ ఇన్సులేషన్ ఉంటే సిగ్నల్ తగ్గుతుంది. యాంటెన్నా ట్రైలర్ కప్పు మీదుగా ముందుకి చూసేలా ఉండాలి. పొడుగు ఫిఫ్త్ వీల్ అయితే డబ్బులు తీసుకునే ముందే కెమెరాని టేపుతో అంటించి రోడ్డు మీద తిప్పి చూడండి.

ఫ్యూజు విషయంలో ఒక మాట. రన్నింగ్ లైట్ల లైనుకి పికప్పులో ఉన్న ఫ్యూజు ఆ మందపు వైరుని కాపాడటానికి. దానికి మీరు కలిపిన సన్నటి వైరు షార్ట్ అయితే ఆ ఫ్యూజు పోయేలోపు మీ వైరు కాలుతుంది. కలిపిన చోటే 2 ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి. జాయింటుకి లోపల జిగురు ఉన్న హీట్ ష్రింక్ క్రింపులు వాడండి. వైరుని కోసి కొరుక్కునే ప్లాస్టిక్ ట్యాప్ క్లిప్పులు ట్రైలర్ కింద ఒక్క చలికాలం ఉప్పునీళ్లకి ఆగవు.

చివరిగా కన్నం. కొత్తలో నేను ఒక ట్రైలర్ వెనక గోడకి కన్నం వేసి, వైరు దూర్చి, చుట్టూ సిలికోన్ రాసి పంపాను. బొమ్మ బాగా వచ్చింది. తర్వాతి వసంతంలో అది తిరిగొచ్చేసరికి గోడ ఉబ్బి, పైన ఫైబర్‌గ్లాస్ పొర లోపలి చెక్క నుంచి విడిపోయి ఉంది. నీళ్లు వైరు వెంట నడిచి లోపలికి పోయాయి. ఆ గోడ బాగు చేయడానికి అయిన ఖర్చు నేను బిగించిన కెమెరా ధరకి ఎన్నో రెట్లు. అప్పట్నుంచీ వీలైతే కొత్త కన్నం వేయను, ఉన్న మార్కర్ లైటు కన్నాన్నే వాడతాను. తప్పకపోతే అతుకుల దగ్గర వేయను, వైరు కన్నంలోకి పోయే ముందు కిందికి ఒక వంపు తిప్పుతాను, నీటి చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. బ్రాకెట్ కింద బ్యూటైల్ టేపు, పైన ఆర్‌వీల కోసం చేసిన ల్యాప్ సీలెంట్. నిలువు గోడకి జారని రకం, కప్పుకి తనంతట తానే పరుచుకునే రకం. సిలికోన్ వాడితే తర్వాత ఇంకేదీ దాని మీద సరిగా అంటుకోదు. ట్రైలర్ ఇంకా తయారీదారు వారంటీలో ఉంటే, కన్నం వేయడానికి కస్టమర్ రాతపూర్వక అనుమతి లేకుండా డ్రిల్లు పట్టుకోవద్దు. నీళ్లు వేరే చోట కారినా వేలు మీ కన్నం వైపే చూపిస్తారు.

వైరు కింద నుంచి తీసుకెళ్లేటప్పుడు షోర్ పవర్ పీకి, బ్యాటరీ విప్పండి. 120 వోల్టుల వైర్లున్న దారిలో దీన్ని దూర్చకండి. గ్యాసు పైపులు, ట్యాంకులు ఎక్కడున్నాయో చూడకుండా కింది కవరుకి స్క్రూ వేయొద్దు. స్లయిడ్-అవుట్ ఉంటే దాన్ని పూర్తిగా బయటికీ లోపలికీ నడిపి, అది ఎక్కడ రాసుకుంటుందో చూశాకే వైరు బిగించండి.

అప్పగించేటప్పుడు కస్టమర్‌ని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టండి. 7-పిన్ ఆయన చేతే పీకించి మళ్లీ పెట్టించండి. హెడ్‌లైట్లు వేయించండి, బ్రేకు తొక్కించండి, యార్డులో ఎడమకీ కుడికీ గట్టిగా మలుపు తిప్పించి కేబుల్ లాగి పట్టుకుంటోందేమో మీరు బయట నిలబడి చూడండి. ఎర్త్ రీడింగ్, కెమెరా దగ్గర వోల్టేజి, సీలెంట్ వేసిన కన్నం ఫోటో వర్క్ ఆర్డర్‌కి జత చేసి, దాని కాపీ ఒకటి మీ ఫోన్లో ఉంచుకోండి.