నిజమూ కాదు, అబద్ధమూ కాదు!

“7 ప్రధాన సంఖ్య.” ఇది నిజం. “9 ప్రధాన సంఖ్య.” ఇది అబద్ధం. ఇలా నిజమో అబద్ధమో తేల్చి చెప్పగల వాక్యాన్ని తర్కశాస్త్రంలో ప్రవచనం అంటారు. మరి “రేపు సముద్రంలో యుద్ధం జరుగుతుంది” అన్న వాక్యం సంగతేమిటి?

ఈ ప్రశ్న వేసినవాడు క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దపు గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్. ఆ వాక్యం ఈరోజే నిజమైతే రేపు యుద్ధం జరిగి తీరాలి. ఈరోజే అబద్ధమైతే జరగనే జరగదు. అలాంటప్పుడు సేనాపతులు కూర్చుని ఆలోచించడం దేనికి?

1920లో పోలెండు తర్కశాస్త్రజ్ఞుడు యాన్ వుకాషేవిచ్ ఈ చిక్కుకు ఒక దారి చూపాడు. నిజం, అబద్ధం కాక మూడో విలువ కూడా ఉండవచ్చునన్నాడు. నిజానికి 1, అబద్ధానికి 0, ఇంకా తేలనిదానికి 1/2 అని రాసుకుందాం. సూత్రాలు సులభమే:

“కాదు” అంటే, ఆ విలువను 1 నుంచి తీసివేయాలి.
“మరియు” అంటే, రెండు విలువల్లో చిన్నది తీసుకోవాలి.
“లేదా” అంటే, రెండింటిలో పెద్దది తీసుకోవాలి.

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. “యుద్ధం జరుగుతుంది” విలువ 1/2. “జరగదు” విలువ 1 − 1/2, అంటే అదీ 1/2. కనుక “జరుగుతుంది లేదా జరగదు” విలువ కూడా 1/2 మాత్రమే! రెండు విలువల తర్కంలో ఇలాంటి వాక్యం ఎప్పుడూ నిజమే. జరగడమో జరగకపోవడమో తప్పదని అరిస్టాటిల్ కూడా అన్నాడు. మూడో విలువను ఒప్పుకుంటే ఈ నియమాన్ని వదులుకోవాలన్నమాట.

ఇది ఉత్త మాటల గారడీ అనుకోకండి. కంప్యూటరులో సమాచారాన్ని వెతికే ఎస్.క్యూ.ఎల్. భాష మూడు విలువల తర్కాన్నే వాడుతుంది. ఒక తరగతి మార్కుల పట్టికలో ఒక విద్యార్థి మార్కు ఇంకా ఎక్కించలేదనుకోండి. “35 గాని అంతకంటే ఎక్కువ గాని వచ్చినవారెవరు?” అని అడిగితే అతని పేరు రాదు. “35 కంటే తక్కువ వచ్చినవారెవరు?” అన్నా రాదు! రెండు ప్రశ్నలకూ అతని విషయంలో జవాబు “తెలియదు”. యంత్రం “నిజం” అని తేలిన పేర్లనే ఇస్తుంది. రెండు జాబితాలూ కలిపితే తరగతి అంతా వచ్చిందనుకుంటే ఆ విద్యార్థిని మరచిపోయినట్లే. మార్కు లేనివారెవరని విడిగా అడగాలి.

ఇక మీ వంతు. “రేపు వాన పడుతుంది” విలువ 1/2, “9 ప్రధాన సంఖ్య” విలువ 0. వీటిని “మరియు”తో కలిపితే ఎంత? “లేదా”తో కలిపితే ఎంత?

జవాబు: 0, 1/2. చూశారా! వాన సంగతి తేలకపోయినా మొదటి జవాబు మాత్రం ఖాయంగా తేలిపోయింది.