లెమెకు పాటయు తెరమీది తుపాకియు

చదువవలసిన వాక్యభాగములు: ఆదికాండము 4:17–24, మత్తయి 18:21, 22, లూకా 22:49–51, యోహాను 18:10, 11.



మన పల్లెలనుండి చదువు నిమిత్తము హైదరాబాదు చేరు బిడ్డలు అనేకులు ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చేరువనున్న వారాసిగూడ, సీతాఫల్‌మండి, తార్నాక ప్రాంతములలో గదులు అద్దెకు తీసికొని నివసించుచున్నారు. కొందరు అచ్చటినుండి అమెరికాకును పోవుచున్నారు. తలిదండ్రులు వారి భోజనమును గూర్చియు ఫీజులను గూర్చియు విచారింతురు గాని, రాత్రివేళ వారి సెల్‌ఫోనులో ఆడు సినిమా వారికేమి నేర్పుచున్నదో విచారించువారు అరుదు. ఊరిలోని చిన్నపిల్లల చేతిలోను అదే ఫోను, అవే సినిమాలు. కావున ఈ మాసము తెరమీది తుపాకిని గూర్చియు, నిజమైన తుపాకియెడల మన తలంపు ఎట్లుండవలెనో దానిని గూర్చియు ధ్యానింతము.

1. లెమెకు ఇల్లు

కయీను సంతతివాడైన లెమెకు ఇంట ముగ్గురు ప్రతిభావంతులైన కుమారులుండిరి. యాబాలు పశువులను మేపువారికి మూలపురుషుడు. యూబాలు వాద్యములు వాయించువారికి మూలపురుషుడు. తూబల్కయీను ఇత్తడిని, ఇనుమును సానబెట్టి పనిముట్లు చేయువాడు. సంగీతమును ఇనుమును ఒకే యింట పుట్టినవి. ఆ రెండును తమంతట చెడ్డవి కావు. అయితే ఆ యింటి యజమానుడు తన భార్యలైన ఆదాను, సిల్లాను పిలిచి ఏమి పాడెను? తనను గాయపరచిన యొక పడుచువానిని చంపితినని అతిశయించెను. కయీనుకొరకు ఏడంతలైతే, తన కొరకు డెబ్బదియేడంతల పగ తీరునని చెప్పుకొనెను.

హత్యచేసి దాచిపెట్టినవాడు కయీను. హత్యచేసి దానిని పాటగా పాడినవాడు లెమెకు. పాపము సిగ్గుపడుట మాని, వినువారి మెప్పు కోరుట అక్కడ మొదలైనది. ఆ పాటలో పడుచువాని పేరు లేదు. అతని తల్లి యేడ్పును లేదు.

2. మన తెరమీది ఆయుధములు

తెలుగు సినిమాలలో ఆయుధము మారుచు వచ్చినది. 1989లో వచ్చిన ‘శివ’ చిత్రమందు కళాశాల విద్యార్థి చేతిలో సైకిలు చైను ఆయుధమాయెను. 1999లో ‘సమరసింహారెడ్డి’ విజయము పొందిన పిమ్మట కొన్నియేండ్లు రాయలసీమ కక్షల కథలు, వాటితో వేటకొడవళ్ళు, నాటుబాంబులు తెరను నింపెను. 2022లో తెలుగుననువదింపబడి వచ్చిన ‘కె.జి.ఎఫ్.’ రెండవ భాగమున కథానాయకుడు పోలీసు స్టేషనుపై యంత్రపు తుపాకి ప్రయోగించి, ఎఱ్ఱగా కాలిన దాని గొట్టమునకు సిగరెట్టు అంటించుకొనును. ఓరుగల్లు వాడైన సందీప్ రెడ్డి వంగా 2023లో తీసిన ‘యానిమల్’ చిత్రమందు నాయకుని యెదుట పడిపోవువారి ముఖములకు ముసుగులుండును. లెమెకు పాటలోని పడుచువానివలెనే వారికిని పేరు లేదు, ముఖము లేదు. ఆ చిత్రమునకు పెద్దలు మాత్రమే చూడదగినదని ‘ఎ’ సర్టిఫికెట్టు ఇచ్చిరి. అయితే పిల్లవాని చేతి ఫోను వాని వయస్సు అడుగునా?

3. చూపు చేతిని నడిపించును

అమెరికాలోని ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయపు పరిశోధకులు 2017లో ఒక పరీక్ష ఫలితమును ప్రకటించిరి. 8 మొదలు 12 ఏండ్ల వయస్సుగల 104 మంది పిల్లలను ఇద్దరిద్దరిగా తీసికొని, ఒక సినిమాలో 20 నిమిషముల భాగము చూపిరి. కొందరు చూచినదానిలో తుపాకులుండెను. కొందరికి అవే చిత్రములనుండి తుపాకులు తొలగించి చూపిరి. పిమ్మట వారిని ఆటవస్తువులున్న గదిలో విడిచిరి. అచ్చట ఒక సొరుగులో గుండు పేలకుండ చేసిన నిజమైన పిస్తోలు ఉండెను. తుపాకులు చూచిన పిల్లలు దానిని సుమారు 53 సెకండ్లు చేతపట్టిరి. చూడనివారు సుమారు 11 సెకండ్లే పట్టిరి. మీట నొక్కినవారిలోను చూచినవారే అధికులు. అవి పిల్లలు చూడవచ్చునని అనుమతించిన చిత్రములే సుమా!

సినిమా చూచినవాడెల్ల హంతకుడగునని దీని యర్థము కాదు. కోట్లమంది చూచి నెమ్మదిగా ఇంటికి పోవుచున్నారు. అయితే కన్ను దేనికి అలవాటుపడునో చేయి దానికి జంకదు. తుపాకియుంటే భయము లేదు, తుపాకియున్నవాడే మగవాడు అను తలంపు తెలియకుండనే హృదయములో నాటుకొనును.

4. తెర చూపనిది

సినిమాలలో తుపాకి పట్టిన సంజయ్ దత్ అను హిందీ నటుడు, నిజమైన తుపాకిని చట్టవిరుద్ధముగా ఉంచుకొన్నందుకు 2007లో శిక్షింపబడెను. కుటుంబ రక్షణ కొరకని అతడు చెప్పుకొనెను. 2013లో సుప్రీంకోర్టు 5 సంవత్సరముల శిక్ష నిర్ణయింపగా, 2016 ఫిబ్రవరిలో చెరనుండి విడుదలయ్యెను.

అమెరికాలో ప్రజల యొద్దనున్న తుపాకులు జనసంఖ్యను మించియున్నవని అంచనా. అచ్చట తుపాకి మరణములలో సగమునకు పైగా ఆత్మహత్యలే. రక్షణకని కొన్నది ఇంటివారినే బలిగొనుచున్నది. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రములోని ఓలేత్ పట్టణమున ఒక తెలుగు ఇంజనీరు ద్వేషమునకు గురియై తుపాకి గుండుకు కూలెను. 2024 నవంబరులో హైదరాబాదునుండి వెళ్ళిన ఒక విద్యార్థి, తాను కొనుక్కొన్న వేట తుపాకిని శుభ్రపరచుచుండగా అది పేలి మరణించెను. అతడు ఎవరికిని హాని తలపెట్టలేదు. ఆ వస్తువు గదిలో ఉండుటయే చాలినది.

మన దేశమున 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము 21 ఏండ్లు నిండనివాడు తుపాకి కలిగియుండరాదు. లైసెన్సు లేక ఉంచుకొన్నవానికి 2019 సవరణ మేరకు 2 మొదలు 5 ఏండ్ల వరకు చెరసాల, జరిమానా. పెండ్లి ఊరేగింపులలో ఇతరులకు అపాయకరముగా గాలిలో పేల్చుటయు నేరమే. అడవిపందులు చేను పాడుచేయుచున్నవని నాటు తుపాకి దాచుకొనువారును ఈ మాట గ్రహింపవలెను.

5. మల్కు చెవి

గెత్సేమనేలో పేతురు కత్తి దూసి ప్రధానయాజకుని దాసుని చెవి నరికెను. తన గురువును కాపాడవలెననియే అట్లు చేసెను. సినిమాలో అయితే ఈలలు, చప్పట్లు మ్రోగును. ప్రభువు కత్తిని ఒరలో పెట్టుమని ఆజ్ఞాపించి, గాయపడినవాని చెవి ముట్టి బాగుచేసెను. యోహాను ఆ దాసుని పేరు మల్కు అని వ్రాసియుంచెను. లెమెకు పాట మరచిన దానిని సువార్త మరువలేదు.

లెమెకు పగకు పెట్టిన లెక్క డెబ్బదియేడంతలు. ఎన్నిమారులు క్షమింపవలెనని పేతురు అడిగినప్పుడు, ప్రభువు ఏడు మారులతో ఆగక డెబ్బది ఏళ్ల మారులవరకని సెలవిచ్చెను. ఒక లెక్క గోరీలను పెంచును, ఇంకొకటి సహోదరులను పెంచును.

రక్షకభటులు, సైనికులు ఆయుధము ధరింపరా అని ఎవరైన అడుగవచ్చును. ధరింతురు. అయితే వారికి శిక్షణయు, పై అధికారియు, ప్రతి తూటాకు లెక్కయు ఉన్నవి. తెరమీది నాయకునికి ఇవి యేవియు లేవు.

కావున తలిదండ్రులారా, పిల్లలను గద్దించి ఊరకుండక, వారి ప్రక్కన కూర్చుండి చూడుడి. చిత్రము ముగిసిన పిమ్మట, పడినవాని ఇంట ఆ రాత్రి ఏమి జరిగియుండునని అడుగుడి. దీపావళికి రీలు తుపాకి కొన్న పిల్లవానికి దానిని ఏ మనుష్యుని ముఖముపైకిని గురిపెట్టకూడదని నేర్పుడి. వారాసిగూడ గదిలోనున్న బిడ్డకును, సముద్రము దాటిన బిడ్డకును ఫోను చేయునప్పుడు, నీ క్షేమమునకు దేనిని నమ్ముకొనుచున్నావని ప్రేమతో అడుగుడి.

సంఘములో చర్చించుటకు ప్రశ్నలు

1. లెమెకు తన పాటను భార్యలు వినవలెనని ఏల కోరెను? వినువారు మెచ్చుకొననియెడల ఏమగును?
2. మీరు ఇటీవల చూచిన సినిమాలో చనిపోయినవారిలో ఎందరి పేర్లు మీకు జ్ఞాపకమున్నవి?
3. ఇంట ఆయుధముండుట భయమును తగ్గించునా, పెంచునా?
4. మన ఊరిలో పగబట్టియున్న రెండు ఇండ్ల మధ్య, మల్కు చెవి ముట్టిన చేయివలె పనిచేయగలవారెవరు?