పాత కలపలో దాగిన లోహము: కోతకు ముందు వెదకు విధము

పాత యిల్లు విప్పినపుడు దూలములు, వాసములు, ద్వారబంధములు చేతికి వచ్చును. ఏండ్ల తరబడి యారిన టేకు కలపను కోయించి తలుపులకో, పశువుల కొట్టమునకో వాడుకొనుట రైతునకు మంచి పొదుపు. కాని యందులో కంటి కగపడని మేకొకటి మిగిలియున్న యెడల ఆ పొదుపే నష్టమగును. వేగముగ తిరుగు చక్రపు రంపమునకు మేకు తగిలినచో పండ్లు మొక్కవోవును. ఒక్కొకప్పుడు పన్ను విరిగి యెగిరి కోతగాని కంటికి తగులును. పట్టీ రంపము తెగవచ్చును. రంపము వెల చెల్లింపవచ్చును గాని పోయిన కన్ను తెచ్చి యీయజాలము.

కలప పూర్వచరిత్ర యజమానుని కెరుక; కోతమిల్లువాని కెరుక లేదు. కావున వెదకుట మొదట యజమానుని విధి.

మేకు లుండు తావులు: గుమ్మపు పైకమ్మిలో ఏటేట మామిడి తోరణమునకు కొట్టిన మేకులు, దూలమునకు ఉయ్యాల కొక్కెములు, వాసముల యతుకులు, బందులు, గొళ్లెములు ఉండిన చోట్లు, విద్యుత్తీగలు బిగించిన చోట్లు ముందుగ చూడవలెను. గట్టుమీది వేప, తుమ్మ చెట్లలో ముండ్లతీగ యుండవచ్చును. చెట్టు కొనయందే పొడవు పెరుగును. మ్రాను లావగుచు మేకును తనలో కప్పివేయును. కావున మేకు కొట్టిన యెత్తుననే, సాధారణముగ మనిషి చేతి కందు నెత్తులోనే, యుండును.

కంటితో చూచుట: కలపను తీగబ్రష్షుతో తోమి మన్ను వదల్పవలెను. మన్నును, ఇసుకయు రంపపు పదునును చెరచును. పిదప నల్లని మచ్చలకై చూడవలెను. మన పెద్దలు కరక్కాయకు అన్నభేది కలిపి సిరా చేసెడివారు. కలపలోని వగరునకు ఇనుము, తడి తోడైనపుడును అట్టి నలుపే పుట్టును. నారవెంట సాగిన నీలి నలుపు చార కనబడినచో దాపున ఇనుమున్నదని యనుమానింపవలెను. మచ్చ లేనంత మాత్రమున లోహము లేదనరాదు.

అయస్కాంతముతో: బలమైన యయస్కాంతమును దారమున వ్రేలాడగట్టి కలప కానుకొని మెల్లగ నడిపినచో, పైపొరలో ఇనుమున్న చోట అది ప్రక్కకు లాగబడును. లోతున నున్నదానిని పట్టజాలదు. ఇత్తడి, రాగి, సీసము, అల్యూమినియములను అసలే పట్టదు.

లోహశోధక యంత్రముతో: తనిఖీలలో వాడు చేతి మెటల్ డిటెక్టరు ఈ లోహములను గూడ తెలుపును. ముందుగ నొక మేకుపై పరీక్షించి, చేతి యుంగరము, గడియారము తీసి, కలప నాలుగు ముఖములను వరుసగ వెదకవలెను. దూలము లావైన కొలది నడిమి మేకు తప్పిపోవచ్చును. కావున పలక తీసిన ప్రతిసారి కొత్త ముఖమును మరల వెదకవలెను.

తీయు విధము: మ్రోగిన చోట సుద్దతో గురుతు పెట్టవలెను. త్రుప్పుపట్టిన మేకును సుత్తితో కొంచెము లోనికి కొట్టి పట్టు వదల్చి, పిదప పెరికినచో తేలికగ వచ్చును. తల విరిగినచో చుట్టును ఉలితో తొలిచి పట్టుకారుతో లాగవలెను. అప్పటికిని రానిచో, అచ్చట రంపము నడపక, మేకునకు దూరముగ కోసి ఆ ముక్కను వేరుచేయవలెను. తీసిన చోట మరల నొకసారి వెదకవలెను. ఒక మేకు ప్రక్క నింకొకటి యుండుట కలదు.

ఇంత చేసినను లోహము బొత్తిగ లేదని ప్రమాణము చేయరాదు. ఇది పాత కలపయని మిల్లులో ముందే చెప్పవలెను. కోతగాడు కంటికి అద్దములు ధరింపవలెను. ఇతరులు రంపమున కెదురుగ నిలువరాదు.

డిటెక్టరు ఒక్కొక్కరు కొననక్కరలేదు. సభ్యులు కలిసి యొకటి కొని సంఘమున నుంచుకొనినచో, అవసరమగు వారెల్లరు వంతులవారీగ వాడుకొనవచ్చును. ఒకరి జాగ్రత్త మరియొకరి కన్నును కాచుటయే సహకారము.