శిలీంధ్రపు గూటిలో జీవకణాలు

దక్షిణ అండమాన్‌లో, 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్‌కు కొద్ది దూరంలో ప్రోతరాపూర్ ఉన్నది. బెంగాలీ, హిందీ, తమిళం, తెలుగు పక్కపక్కనే వినవచ్చే ప్రాంతమిది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ ద్వీపసమూహంలో తెలుగు మాతృభాషగా గలవారు నూటికి 13 మందికి పైగా ఉన్నారు. ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం కురిసే ఈ నేలపై చెట్ల బెరడు పూర్తిగా ఆరే రోజులు తక్కువ. పోకచెట్టు మొదలును దగ్గరగా చూస్తే, బూడిదరంగు పొరపై పసిపిల్లవాడు పలకమీద గీసినట్లు నల్లని వంకర గీతలు కనిపిస్తాయి. వృక్షశాస్త్రజ్ఞులు ఈ లైకెన్‌కు గ్రాఫిస్ అని పేరు పెట్టారు. గ్రీకు భాషలో రాతకు సంబంధించిన మాట అది. ఈ జాతికి దూరపు బంధువు తెలుగువారి వంటింట్లోనే ఉన్నది. బిర్యానీ మసాలాలో వేసే రాతిపువ్వు కూడా లైకెనే.

లైకెన్ ఒకే జీవి కాదు. అది ఒక శిలీంధ్రమూ, ఒక శైవలమూ కలిసి సాగించే కాపురం. స్విట్జర్లాండుకు చెందిన సైమన్ ష్వెండనర్ 1867లో ఈ సంగతి ప్రకటించినప్పుడు ఆనాటి లైకెన్ నిపుణులు చాలామంది అంగీకరించలేదు. ఒక మొక్కగా తాము ఎంచి వర్గీకరించినది రెండు జీవుల కలయిక అంటే వారికి కష్టం కలగడం సహజమే. తరువాతి పరిశోధన ష్వెండనర్ వైపే నిలిచింది. లైకెన్ దేహంలో అధిక భాగం శిలీంధ్రపు తంతువులే. వాటి నడుమ పలుచని పొరగా శైవల కణాలు ఇమిడి ఉంటాయి. శైవలం సూర్యరశ్మితో ఆహారం తయారుచేసి అందులో కొంత శిలీంధ్రానికి ఇస్తుంది. శిలీంధ్రం తేమను పట్టి ఉంచి, మండే ఎండనుంచి శైవలాన్ని కాపాడి, గాలికీ వానకూ కొట్టుకుపోకుండా బెరడుకు అంటిపెట్టి నిలుపుతుంది. అంటే సజీవ కణాలకు శిలీంధ్ర ద్రవ్యం ఆధారంగా నిలిచే ఏర్పాటును ప్రకృతి ఎంతో పూర్వమే చేసింది. ఇటీవలి కాలంలో జీవసాంకేతిక శాస్త్రం ఇదే ఏర్పాటును కర్మాగారానికి తీసుకురావాలని యత్నిస్తున్నది.

కర్మాగారంలో కణాలను ఒకచోట నిలపవలసిన అవసరమేమిటి? ఈస్ట్ గాని బాక్టీరియా గాని ద్రవంలో స్వేచ్ఛగా తేలుతూ పనిచేస్తే, పని ముగిశాక ద్రవంతోపాటు కణాలూ బయటకు పోతాయి. ప్రతిసారీ కొత్త కణాలను పెంచాలి. తయారైన పదార్థం నుంచి పాతవాటిని వేరుచేయాలి. కణాలను ఏదైనా ఘనపదార్థానికి అంటిస్తే ద్రవం ప్రవహించిపోతుంది, కణాలు మిగులుతాయి. 1823లో జర్మనీలో ప్రవేశపెట్టిన త్వరిత పద్ధతిలో వెనిగర్ తయారీకి కర్ర చితుకులే ఆధారం. బాక్టీరియా వాటిపై పొరగా నిలిచేది. 1973లో జపాన్‌లోని తనాబె సైయాకు సంస్థలో ఇచిరో చిబాతా బృందం పాలీఅక్రిలమైడ్ జెల్‌లో బాక్టీరియాను బంధించి, అస్పార్టిక్ ఆమ్లాన్ని పారిశ్రామిక స్థాయిలో ఉత్పత్తి చేసింది. ఆ జెల్ తయారయ్యే ముడిపదార్థం కణాలకు విషతుల్యం కావడం ఒక చిక్కు. గోధుమరంగు సముద్ర శైవలాలనుంచి తీసే ఆల్జినేట్ మెత్తని పూసలు కణాలకు హాని చేయవు. కాని ఫాస్ఫేట్ ఉన్న ద్రవంలో అవి కరగసాగుతాయి. పైగా ఏ జెల్‌లోనైనా లోపలి కణాలకు ఆక్సిజన్ అందడం కష్టం.

శిలీంధ్రం ఈ చిక్కులలో కొన్నింటిని తప్పిస్తుంది. కొన్ని మైక్రాన్ల మందం గల దాని తంతువులు అల్లుకుని, మధ్యమధ్య ఖాళీలు గల వలగా ఏర్పడతాయి. తంతువు గోడలో కైటిన్, గ్లూకాన్‌లు ఉండడంవల్ల అది గట్టిది. సిద్ధబీజాలను ద్రవయానకంలో చల్లి, పాత్రను ఎడతెగక కుదిపితే, చాలా జాతులలో రెండు మూడు రోజులకు ఆవగింజలంతటి నుంచి శనగలంతటి వరకు బంతులు ఏర్పడతాయి. దీనికి అచ్చు అక్కరలేదు, జెల్ అక్కరలేదు. చక్కెర, కొద్దిపాటి నత్రజని, లవణాలు ఉంటే ఆధారం తనంతట తానే పెరుగుతుంది.

స్పెయిన్‌లోని కోర్దొబా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2006లో ప్రచురించిన పద్ధతి ఇందుకు అందమైన ఉదాహరణ. పెనిసిలియం క్రైసోజెనం అనే శిలీంధ్రాన్నీ, ఈస్ట్‌నూ వారు ఒకే పాత్రలో ఉంచారు. (1954లో పింప్రిలో హిందూస్థాన్ యాంటీబయాటిక్స్ స్థాపించబడిన నాటినుంచి ఈ శిలీంధ్రం పేరు భారతీయ విద్యార్థులకు పెన్సిలిన్ ద్వారా పరిచితమే.) పాత్రలోని ఆహారం గ్లూకోనిక్ ఆమ్లం; అది శిలీంధ్రానికి పనికివస్తుంది గాని ఈస్ట్‌కు పనికిరాదు. అందువల్ల ఈస్ట్ ఆకలితో ఊరకుండగా, శిలీంధ్రం పెరిగి ఈస్ట్ కణాలను తన తంతువులలో చిక్కించుకుని బోలు గోళాలుగా రూపొందింది. తరువాత ఆ గోళాలను చక్కెర గల ద్రాక్షరసంలో వేస్తే ఈస్ట్ కిణ్వనం ప్రారంభిస్తుంది. శిలీంధ్రం క్రమంగా చనిపోయినా దాని అస్థిపంజరం చెక్కుచెదరక నిలుస్తుంది. పని ముగిశాక గోళాలను తీసి మళ్లీ వాడవచ్చు. ఇల్లు కట్టిన మేస్త్రి పోయినా ఇల్లు ఉన్నట్లే.

లైకెన్‌కు మరింత దగ్గరి ఉదాహరణ శైవలాలది. క్లోరెల్లా వంటి సూక్ష్మ శైవలాలు మురుగునీటిలోని నత్రజనినీ, ఫాస్ఫరస్‌నూ పీల్చుకుంటాయి. అయితే అవి మిల్లీమీటరులో వందోవంతుకూ తక్కువ. వాటిని నీటినుంచి వేరుచేయడానికి విద్యుత్తు విపరీతంగా ఖర్చవుతుంది. 2012లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు క్లోరెల్లాతోపాటు ఆస్పర్‌జిల్లస్ నైగర్‌ను పెంచి చూపారు. శైవల కణాలు తంతువుల బంతులలో చిక్కుకున్నాయి. సాధారణ జల్లెడతో బంతులను తీయవచ్చు. సాధారణ స్థితిలో శైవల కణాల ఉపరితలంపై రుణావేశం ఉంటుంది గనుక అవి ఒకదానినొకటి తోసుకుంటాయి. నీటి ఆమ్లత మారితే తంతువుల ఆవేశమూ మారి, ఈ పట్టు బిగుస్తుంది లేదా సడలుతుంది.

ప్రోతరాపూర్ వంటి చోట ఈ విషయం కేవలం పాఠ్యాంశం కాదు. పోర్ట్‌బ్లెయిర్ ప్రాంతపు తాగునీటికి ధానిఖారీ జలాశయమే ప్రధానాధారం. వానలు వెనకబడిన ఏట వేసవిలో కుళాయినీటికి రోజుల విరామం తప్పదు. వాడిన నీరు శుద్ధి కాకుండా సముద్రంలో కలిస్తే అందులోని నత్రజని, ఫాస్ఫరస్ పగడపు దిబ్బలకు చేటు చేస్తాయి. జెల్ సామగ్రి, రసాయనాలు ప్రధాన భూభాగంనుంచి ఓడలో రావాలి. శిలీంధ్రానికి కావలసిన చక్కెర మాత్రం ఇక్కడే దొరకగలదు. ఎండుకొబ్బరి తయారీలో ముదురు కాయల నీటిని సాధారణంగా పారబోస్తారు. అందులో చక్కెరలూ లవణాలూ ఉన్నాయి. సమీపంలోని గారచర్మలో 1978లో స్థాపించబడిన కేంద్రీయ ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థ, ద్వీప వ్యవసాయానికే అంకితమైనది. కొబ్బరినీటితో శిలీంధ్ర బంతుల పెంపకం వంటి చిన్న పరీక్షకు ఈ పరిసరం తగినది.

తొందరపాటు మాత్రం కూడదు. శిలీంధ్రం సజీవమైనంతకాలం పెరుగుతూనే ఉంటుంది. బంతి పెద్దదయ్యేకొద్దీ నడిమి భాగానికి ఆక్సిజన్ అందక అది చనిపోతుంది. తంతువులు అధికమైతే గొట్టాలు పూడుకుపోతాయి. జాతి ఎంపిక మరీ ముఖ్యం. శైవలాలను చక్కగా పట్టే ఆస్పర్‌జిల్లస్ ఫ్యూమిగేటస్ మనిషి ఊపిరితిత్తులకు వ్యాధి కలిగించగలదు. దాని దాయాది ఆస్పర్‌జిల్లస్ ఒరైజేను జపాన్‌లో శతాబ్దాలుగా ఆహారం పులియబెట్టడానికి వాడుతున్నారు. ఒకే ప్రజాతిలో విషమూ, వంటసరుకూ ఉన్నప్పుడు ఆకారం చూసి ఎంచుకోవడం ప్రమాదం. అందుచేత పాఠశాలలో శిలీంధ్రాలను పెంచే ప్రయోగం చేయరాదు.

చూసే ప్రయోగం చేయవచ్చు. కిరాణా దుకాణంలో దొరికే రాతిపువ్వు ముక్కను కొన్ని గంటలు నీటిలో నానబెట్టి, పదునైన బ్లేడుతో ఉపాధ్యాయుడు అడ్డంగా పలుచని పొరను కోయాలి. దానిని గాజుపలకపై నీటిచుక్కలో ఉంచి, 400 రెట్లు పెద్దది చేసే సూక్ష్మదర్శినిలో పరిశీలించాలి. పైన బిగువైన పొర, దిగువన రంగులేని దారాల అల్లిక, ఆ రెంటికీ నడుమ గుండ్రని పచ్చని కణాల వరుస కనిపిస్తాయి.