పాత జీపు కొన్న మేనల్లునికి

చిరంజీవికి,

ఆళ్లగడ్డలో నీవు పాత సీజే-3బీ జీపు నొకదానిని కొంటివనియు, దాని పెట్రోలు ఇంజనును పూర్వపు యజమాని తీసివేసి 2112 సీసీ ప్యూజో డీజిలు ఇంజనును బిగించియున్నాడనియు, దానికి పెద్ద టైర్లు, ఎత్తైన కమాన్ కట్టలు, ఇనుప బంపరు, పైకప్పు మీద దీపముల వరుస అమర్చుటకు ఎంత వ్యయమగునో తెలుపవలసినదనియు వ్రాసిన నీ జాబు చేరినది. ఆ వ్యయముల పట్టికను నేనీ లేఖలో వ్రాయుట లేదు. మన నేల యెట్టిదో, ఆ నేలపై తిరుగుటకు బండి యేమి కోరుచున్నదో తెలిసికొనకమునుపే దానికి కొత్త సామాను కొనుట, కొలత తీయకయే బట్ట కత్తిరించుట వంటిది.

నంద్యాల నుండి 40వ నెంబరు జాతీయ రహదారిపై మీ ఊరికి వచ్చునపుడు ఎడమ చేతి వైపున నల్లమల కొండల వరుసయు, కుడి చేతి వైపున కుందూ నది దాక వాలిపోవు రేగడి పొలములును నీవు చిన్ననాటి నుండి చూచుచున్నవే. కాని బండి తోలువాని కంటితో వానిని చూచుట ఇకనైన నేర్చుకొనుము. ఈ లోయ అడుగున ఉన్న రాతిపొరలకు భూగర్భశాస్త్రవేత్తలు మన ఊళ్ల పేర్లనే పెట్టి నంద్యాల షేలు, కోయిలకుంట్ల సున్నపురాయి అని వ్యవహరింతురు. వానిని కప్పియున్న నల్లరేగడిలో, నీటిని పీల్చి ఉబ్బు మాంటుమొరిల్లొనైటు అను బంకమట్టి మిక్కుటముగా ఉండుటచేతనే ఆ నేల వేసవిలో నెర్రెలు విచ్చి, వానకాలమున టైరు గాళ్లన్నియు పూడ్చి విడువని జిగురగుచున్నది. అదే నీవు అహోబిలము దాటి కొండ ఎక్కితివా, మట్టికి మారుగా క్వార్ట్‌జైటు రాయి ఎదురగును. దాని అంచు టైరు ప్రక్కభాగమును కోయగలంత పదునైనది. ఈ రెంటి నడుమ భవనాశి వంటి వాగులు. ఒక్క పూట ప్రయాణములోనే జిగురును, నీటిని, రాతిని, వేసవి యైనచో వీనికి తోడు దుమ్మును నీ జీపు ఎదుర్కొనవలసియుండును. నీవు ఇంటివద్ద చేయవలసిన సంరక్షణ యంతయు ఈ నాలుగింటిని యంత్రము లోనికి చొరనీయకుండుటయే. నీవు చేయదలచిన మార్పులలో ఈ పనికి వచ్చునవి ఉంచుకొని తక్కినవి విడిచిపెట్టుమని నా అభిప్రాయము.

ఈ బండి పుట్టుకయే బురద కొరకు. 1940లో అమెరికా సైన్యము కోరగా బాంటమ్ కంపెనీ తొలి నమూనాను నిర్మించెను. 1941 నుండి యుద్ధము ముగియులోపల విల్లీస్, ఫోర్డు కంపెనీలు ఆరు లక్షలకు పైగా జీపులను తయారుచేసెను. 1945లో లూధియానాలో మహీంద్రా అండ్ మొహమ్మద్ అను పేర స్థాపితమై, భాగస్వామి గులాం మొహమ్మద్ పాకిస్తానునకు వెడలిపోవుటచే 1948లో మహీంద్రా అండ్ మహీంద్రాగా మారిన సంస్థ, విల్లీస్ వారి అనుమతితో మన దేశమున జీపులు కూర్చుట ప్రారంభించి, సీజే-3బీని దశాబ్దముల తరబడి తయారుచేసినది. అందులో కంప్యూటరు లేదు. చేతితో తాకి, చెవితో విని, ముక్కుతో వాసన చూచి దాని రోగమును గుర్తింపవచ్చును. ఇంటివద్ద పని నేర్చుకొనగోరు వానికి ఇంతకంటె మంచి బండి దొరకదు.

ముందుగా దాని బలమెచ్చటనున్నదో గ్రహింపుము. కంపెనీ అమర్చిన సీజే-3బీలో మొదటి గేరు నిష్పత్తి సుమారు 2.8, ట్రాన్స్‌ఫర్ కేసులోని లో రేంజి 2.46, ఇరుసులోని క్రౌన్ పినియన్‌ది 5.38, మూడింటిని గుణించితివేని, చక్రము ఒక్కసారి తిరుగుటకు ఇంజను 37 మారులు తిరుగునని తేలును. కొండ ఎక్కునపుడు ఆ నెమ్మదియే బలము; దిగునపుడు ఆ నెమ్మదియే బ్రేకు. దిగుడున పెడలును అదే పనిగా త్రొక్కి డ్రమ్ములను కాల్చుకొనక, లో రేంజి మొదటి గేరులో ఇంజను పట్టుకొనియుండగా దిగుము. అయితే ముందు ఇరుసును కలుపు లివరును పొడి తారు రోడ్డుపై ఎన్నడును వేయకుము. మలుపు తిరుగునపుడు ముందు చక్రములు వెనుక చక్రముల కంటె ఎక్కువ దూరము నడుచును. మన జీపులో ముందు షాఫ్టును వెనుక షాఫ్టును గట్టిగా బంధించుటయే గాని ఆ భేదమును సర్దు సాధనము నడుమ లేదు. బురదలో టైరు కొంచెము జారి ఆ భేదమును తానే తీర్చును. తారుపై జారుటకు వీలు లేక మెలి అంతయు షాఫ్టులలోను గేర్లలోను పేరుకొని, లివరు వెనుకకు రాక బిగిసి, తుదకు షాఫ్టు కీలులోని క్రాసు విరుగును.

ఇక పని ప్రారంభింపకమునుపు ఒక్క విషయమును నీచేత ప్రమాణము చేయించుకొనవలెనని యున్నది. ఈ పాత జీపుల హ్యాండుబ్రేకు చక్రములకు పట్టదు. ట్రాన్స్‌ఫర్ కేసు వెనుక, ప్రొపెల్లర్ షాఫ్టు మొదట ఉన్న చిన్న డ్రమ్మునకు పట్టును. నాలుగు చక్రములును నేలపై ఉన్నంతవరకు అది చాలును. కాని వెనుక చక్ర మొకదానిని జాకీతో లేపితివా, షాఫ్టు కదలకున్నను, డిఫరెన్షియల్ ధర్మముచే గాలిలోని చక్రము ఒక దిక్కునకు, నేలపైని చక్రము వేరొక దిక్కునకు తిరుగుటకు స్వేచ్ఛ లభించి, బండి కదలి జాకీ మీదినుండి జారిపోవును. గేరులో ఉంచితిని గదా యని ధైర్యపడకుము; గేరు కూడ ఆ షాఫ్టునే పట్టును గాని చక్రమును పట్టదు. కావున ముందు చక్రములకు ముందొకటి వెనుకొకటి గట్టి రాళ్లు వేసి, రేగడి నేలలో జాకీ పీట దిగబడకుండ క్రింద మందపు చెక్క పరచి, లేపిన పిమ్మట ఛాసిస్ క్రింద రెండు ఇనుప స్టాండులు నిలిపి, చేతితో బండిని ఊపి చూచి, అటుపిమ్మటనే క్రిందికి దూరుము. జాకీ ఒక్కదానిని నమ్మి బండి క్రింద పడుకొనుటకు ఎంత చిన్న పని యైనను కారణము కారాదు. మరియొక సంగతి: విల్లీస్ పద్ధతి జీపులలో ఎడమ చక్రముల నట్లు ఎడమ మర కలవై యుండును. విప్పుటకు పానాను ఎటు త్రిప్పవలెనో చూచుకొనకుండ బలము ప్రయోగించినచో స్టడ్డు తెగును.

నీటి విషయము విస్తరించి చెప్పవలసియున్నది; ఏలయనగా ఈ ప్రాంతమున జీపుల ఇరుసులు చెడుటకు అదియే ప్రధాన హేతువు. కొండ ఎక్కి దిగిన బండి ఇరుసు హౌసింగు వేడెక్కియుండును. లోపలి గాలియు వ్యాకోచించియుండును. ఆ వేడి మీదనే నీవు చల్లని వాగులోనికి దింపితివేని లోపలి గాలి తటాలున సంకోచించి, బయటినుండి దేనినైనను పీల్చుకొనజూచును. ఇందు కొరకే ఇరుసు పైభాగమున బ్రీదరు అను చిన్న రంధ్రపు మూత అమర్చియున్నారు. మన రేగడి బురద దానిని పూడ్చివేసినచో ఆ పీల్పు ఆయిల్ సీళ్ల అంచుల గుండ సాగి, నూనెతో పాటు నీరును లోపల చేరును. నాటికి బండి ఏ ఫిర్యాదును చేయదు. కొన్ని నెలలకు బేరింగులు గరగరలాడును. దీనికి నివారణ రెండు విధములు. వాగు ఒడ్డున బండి నాపి ఇరుసు చల్లబడువరకు వేచియుండుట మొదటిది. డ్రైవర్లకు సాధారణముగా ఓర్పు చాలని పని ఇది. బ్రీదరు స్థానమున రబ్బరు గొట్టము తొడిగి, దాని రెండవ కొనను ఇంజను గది పైభాగము దాక తీసికొనిపోయి, కొనయందు చిన్న ఫిల్టరు పెట్టి కట్టివేయుట రెండవది. నీవు కోరకున్నను నా మనఃపూర్వకమైన అనుమతి గల తొలి మార్పు ఇదియే. వెల స్వల్పము, ఫలము అనల్పము.

వాగు దాటి వచ్చిన పిదప బ్రేకు పెడలును మెల్లగా నొక్కుచు కొంతదూరము నడిపి డ్రమ్ములను ఆరబెట్టుము. తడిసిన లైనర్లు పట్టవు. మరునాడు ఇరుసుల నూనెను పరీక్షింపుము. తెల్లబారి మడ్డిగా ఉన్నచో నీరు చేరినదనుట నిశ్చయము, అంతయు తీసివేయవలసినదే. ఆ పనిలో ఒక క్రమము కలదు: క్రింది డ్రెయిన్ మరను విప్పకమునుపు, నూనె పోయు పై మర విడివచ్చునో లేదో చూడుము. తుప్పుపట్టి పై మర రాకపోయినచో, ఉన్న నూనె నేలపాలై, కొత్తది పోయుటకు దారి లేక, బండి ఇంటిముందే నిలిచిపోవును. కొంతదూరము నడిపి నూనె వెచ్చబడిన పిదప దింపినచో అడుగున చేరిన ఇనుప రజను కూడ దిగివచ్చును. హైపాయిడు గేర్లున్న ఇరుసులకు జీఎల్-5 తరగతి 90 నూనెయు, ఇత్తడి భాగములున్న గేరుబాక్సునకు జీఎల్-4 నూనెయు పోయుము. గేరుబాక్సు నూనె ట్రాన్స్‌ఫర్ కేసులోనికి దిగుట ఈ జీపులలో సాధారణము గనుక రెంటి మట్టమును వేరువేరుగా చూడవలయును. తీసిన పాత నూనెను డబ్బాలో పట్టి గ్యారేజీ వారికిమ్ము. కేసీ కాలువలో గాని చేని గట్టున గాని పోయుటకు నేనొప్పుకొనను. ఆ నీటితోనే మన వరి పండుచున్నది.

ఇంజనును ముంచు నీరు మరింత ప్రమాదకరము. గాలితో పాటు నీరు సిలిండరులోనికి పోయినచో, గాలివలె అది నొక్కబడదు గనుక కనెక్టింగు రాడ్డే వంగును. లోతు తెలియని వాగులో కర్ర పట్టుకొని ముందు నీవు నడచి చూడుము. నీరు చక్రపు నడిబొడ్డు దాటునేని వెనుకకు మరలుటలో అవమాన మేమియు లేదు. మునిగి ఆగిపోయిన ఇంజనును అక్కడికక్కడే సెల్ఫు కొట్టి లేపజూడకుము, లాగించి గట్టెక్కించుము.

దుమ్మును గూర్చి ఒక లెక్క చెప్పెదను. నీ ఇంజను నిమిషమునకు 2000 మారులు తిరుగునపుడు, రెండు చుట్ల కొకమారు సిలిండర్లన్నియు నిండును గనుక, నిమిషమునకు సుమారు 2000 లీటర్ల గాలిని పీల్చుచున్నది. రుద్రవరము వైపు మట్టిబాటలలో మార్చి, ఏప్రిల్ నెలలందు మరియొక బండి వెనుక పోవునపుడు ఆ గాలి ఎట్టిదో నీకు తెలియును. నీ జీపునకు నూనె గిన్నె గల ఫిల్టరు ఉన్నచో గిన్నెలో పేరిన అడుసును కడిగి గీత వరకు కొత్త నూనె పోయుము. కాగితపు ఫిల్టరైనచో మార్చివేయుము. ఫిల్టరు నుండి ఇంజనునకు పోవు రబ్బరు గొట్టములో చిన్న చీలిక యున్నను ఫిల్టరు శ్రమ యంతయు వ్యర్థము.

బురదలో తిరిగి వచ్చిననాడే బండి అడుగుభాగమును కడుగుము. ఆరిన రేగడి రిమ్ముల లోపలి వైపున గడ్డకట్టి చక్రముల తూకము చెడగొట్టును. స్టీరింగు అదరుచున్నదని కొందరు కింగ్ పిన్నులు మార్పించుకొందురు గాని, లోపలి మట్టిని గోకినచో చాలుననుట ఎరుగరు. కడిగిన పిదప గ్రీజు గన్నుతో ప్రతి నిపులునకును, పాత గ్రీజు పోయి కొత్తది అంచున కనబడువరకు కొట్టుము. ప్రొపెల్లర్ షాఫ్టును ఊడదీయవలసి వచ్చినచో, జారుడు కీలునకు ఇరువైపులను గుర్తు గీసికొని మరల అదే వరుసను బిగింపుము. రెండు కొనల యోకులును ఒకే తీరున నిలిచినపుడే ఒక క్రాసు కలిగించు వేగభేదమును రెండవది సరిపుచ్చును. ఒక పన్ను తప్పినను బండి వణకును.

కమాన్ కట్టలను ఎత్తుచేయుట ఎందులకు కూడదని నేననుచున్నానో ఇక్కడనే తెలియును. ఛాసిస్ పైకి లేచిన కొలదియు షాఫ్టు వంపు పెరిగి క్రాసులు త్వరగా అరుగును. బరువు మీదికి పోయి, కొండచరియ బాటలో బండి ప్రక్కకు ఒరుగు భయము హెచ్చును. పెద్ద టైరు వేసినచో నేను పైన చెప్పిన 37 తగ్గినట్లే యగును. బ్రేకులకు భారము పెరుగును. స్పీడోమీటరు తక్కువ చూపును. కంపెనీ చెప్పిన 6.00-16 కొలతలోనే, వెడల్పు గాళ్లు గల బురద టైర్లు తీసికొనుము. విరిగిన, సాగిన పట్టీలను మార్పించి కట్టలను మొదటి ఎత్తునకు తెచ్చుకొనుము; పాత జీపులకు ఎత్తు పోవుట వలననే చాలమందికి ఎత్తు చాలదని తోచును.

చట్టము కూడ నీవు తెలిసికొనవలసినదే. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ విభాగము, తయారీదారు నిర్ణయించిన మూలలక్షణములకు భిన్నముగా బండిని మార్చుటను నిషేధించుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనినే స్పష్టపరచెను. అదే సంవత్సరము చేసిన సవరణ ప్రకారము అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు కారాగారము గాని, ఒక్కొక్క మార్పునకు 5000 రూపాయల జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. ఇనుప బంపర్లపై చర్య తీసికొనుడని కేంద్ర రవాణాశాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రములకు వ్రాసినది. పాదచారిని ఢీకొనినచో ఆ ఇనుము ప్రాణాంతకము. కావున నీ బంపరును, పైకప్పు దీపములను కూడ కొట్టివేయుచున్నాను. వీనికన్న ముందు ఆర్.సి.లో ఇంధనము డీజిలని నమోదైనదో లేదో, ఇంజను నెంబరు సరిపోవునో లేదో చూడుము. లేకున్నచో ఆర్.టి.ఓ. కార్యాలయమునకు పోయి ఆ సంగతి తేలువరకు బండిపై ఒక్క రూపాయి ఖర్చు పెట్టకుము.

అహోబిలమున పావన నరసింహస్వామి సన్నిధికి యాత్రికులను చేరవేయు అద్దె జీపులను ఒకసారి శ్రద్ధగా చూచి రమ్ము. ఆ రాతిబాటలో డ్రైవరు చక్రమును రాళ్ల నడుమకు దింపక రాతి మీదికే ఎక్కించి, ఇరుసు గుండును కాపాడుకొనుట గమనింపుము. నీ జీపుతో మాత్రము అటవీశాఖ అనుమతి లేని దారులకు పోరాదు. అది నాగార్జునసాగర్-శ్రీశైలము పులుల అభయారణ్యపు సీమ.

ఈ వారములో బ్రీదరులు రెంటిని విప్పి శుభ్రపరచి, ముందు వెనుక ఇరుసుల నుండి కొంచెము కొంచెము నూనెను రెండు సీసాలలో వేరువేరుగా పట్టి, ఏది దేనిదో చీటీ అంటించి బస్సులో తీసికొని రమ్ము. వానిని చూచిన పిదప సీళ్లు, బేరింగులు ఏవి కొనవలెనో ఇద్దరము కలిసి నిర్ణయింతము.

ఇట్లు,
మీ మామ,
నంద్యాల.