మా మనవడి చర్మం నేర్పినవి

మాది అంబాజీపేట. ఇంటి ముందు కొబ్బరి డొక్కల గుట్ట, వెనక బోదె. డెబ్భై ఏళ్లుగా ఇక్కడి దోమలు నన్ను కుడుతూనే ఉన్నాయి. చిన్న చుక్క లేస్తుంది, కాసేపటికి పోతుంది. ఎగ్జిమా ఉన్న మా మనవడు సంక్రాంతికి హైదరాబాదు నుంచి వచ్చాడు. తెల్లారేసరికి వాడి ముంజేయి మోచేతి దాకా వాచింది. "దోమ కుడితేనే ఇంత గోలా? పట్నం పిల్లలు మరీ సుకుమారం" అనేశాను. కనుమ నాడు అందరూ జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్తే, వాడు జ్వరంతో నా పక్కన పడుకున్నాడు. ఆ మాట నన్నింకా బాధపెడుతుంది. అందుకే ఇవి రాస్తున్నాను.

1. మన ఒంటితో పిల్లల ఒంటిని కొలవకూడదు. రక్తం పీల్చేటప్పుడు దోమ తన లాలాజలం మన చర్మంలోకి వదులుతుంది. అందులోని ప్రొటీన్లు పడకే దద్దురు, దురద. ఏళ్ల తరబడి కుట్టించుకున్న ఒంటికి అవి అలవాటైపోవచ్చని 1946లోనే మెల్లన్‌బీ అనే శాస్త్రవేత్త రాశాడు. నా ఒళ్లు అలా అలవాటుపడింది, వాడిది పడలేదు. చేయంతా వాచి, వేడెక్కి, జ్వరం కూడా వస్తే దాన్ని స్కీటర్ సిండ్రోమ్ అంటారు.

2. రాత్రి కుట్టి పొద్దుటికి వాచింది బోదకాలు కాదు. మా తరానికి ఆ భయం ఎక్కువ, ఈ గోదావరి గడ్డ మీద దాన్ని కళ్లారా చూశాం కదా. బోదకాలు ఏళ్ల మీద వచ్చే జబ్బు.

3. "గోక్కోకురా" అని కసురుకుంటే పిల్లాడు దుప్పటి కింద గోక్కుంటాడు. నాకిది ఆలస్యంగా తెలిసింది. ఎగ్జిమా చర్మం ముందే పొడిబారి, బీటలు వారి ఉంటుంది. గోరు పడితే ఆ బీటల్లోంచి సూక్ష్మజీవులు లోపలికి దిగుతాయి, రసి కారుతుంది, చీము పడుతుంది. గోకినకొద్దీ దురద, దురద కొద్దీ గోకుడు. దోమ ఎగిరిపోయి వారమైనా పుండు మానదు. గోళ్లు పొట్టిగా కత్తిరించాను. చల్లటి నీళ్లలో తడిపిన నూలు గుడ్డ పది నిమిషాలు వేసి ఉంచాను. ఆ రాత్రి వాడి చెయ్యి నా చేతిలో పెట్టుకుని కూర్చున్నాను. తిట్టడం కంటే అదే పనిచేసింది.

4. సున్నం రాయకండి. కర్పూరం కలిపిన నూనె అసలే వద్దు. ఆ రెండూ నేను రాశాను, వాడు గిలగిలలాడిపోయాడు. సున్నం ఘాటుకి పగిలిన చర్మం ఇంకా పాడవుతుంది. కర్పూరం పుండులోంచి ఒంట్లోకి దిగుతుంది, పిల్లలకు మూర్ఛలు తెచ్చేంత ప్రమాదం.

5. ఏమీ కలపని పచ్చి కొబ్బరి నూనె మాత్రం మంచిదే. ఫిలిప్పీన్స్‌లో 117 మంది ఎగ్జిమా పిల్లల మీద ఎనిమిది వారాలు పరీక్షించి, మినరల్ ఆయిల్ కంటే ఇదే మేలని 2014లో ప్రచురించారు. కొబ్బరి మార్కెట్టు పక్కన పుట్టి పెరిగిన నేను ఆ సంగతి అమలాపురంలో చర్మం డాక్టరమ్మ దగ్గర వినాల్సొచ్చింది! స్నానం కాగానే, ఒంటి తడి ఆరకముందే, రోజూ రాయాలి. దోమ కుట్టాక కాదు, కుట్టకముందే చర్మం మెత్తగా ఉండాలి. రసి కారే చోట మాత్రం వద్దు. రాశాక దురద పెరిగితే మానేయండి.

6. మందుల షాపులో "తామరకి" అని అడిగి ఆయింట్‌మెంట్ కొనకండి. ఎగ్జిమా వేరు, ఫంగస్ తామర వేరు. అలా ఇచ్చే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. డాక్టరు చెప్పి, ఎన్నాళ్లో రాసిస్తే భయం లేదు. జ్వరం వచ్చినా, ఎరుపు గీతలా పాకినా, చీము పట్టినా ఆసుపత్రికి వెళ్లాలి. ఊపిరాడకపోతే 108కి ఫోన్ చేయండి.

7. దోమల చుట్ట వెలిగించకండి. ఎగ్జిమా పిల్లల్లో చాలామందికి ఉబ్బసం కూడా ఉంటుంది. దోమల క్రీము పగిలిన చోట రాయకండి. దోమతెర, పొడుగు చేతుల నూలు చొక్కా చాలా నయం. ఇంక మన కొబ్బరి చిప్పలు: వాటిలో నిలిచిన చెంచాడు వాననీళ్లు చాలు, వారం పది రోజుల్లో గుడ్డు దోమై ఎగురుతుంది. ప్రతి శుక్రవారం నేనే పెరట్లో తిరిగి చిప్పలన్నీ బోర్లిస్తాను, కుండీల కింద పళ్లేలు ఒంపేస్తాను.

ఇప్పుడు సెలవులకి బయల్దేరే ముందు వాడు ఫోన్ చేసి ముందుగా అడిగేది ఒకటే: "అమ్మమ్మా, చిప్పలు బోర్లించావా?"