అమెరికా బాలబాలికల మేజోళ్ళు – ఒక పరిశీలన

బత్తలపల్లె వంటి మెట్ట ప్రాంతపు పల్లెలలో మేజోడు చాలాకాలం అపురూప వస్తువే. వేరుసెనగ చేల గట్లపై నడిచే పిల్లల పాదాలకు చెప్పులే అరుదైన రోజులు పెద్దలకు ఇంకా జ్ఞాపకమే. 2020 అక్టోబరులో ప్రారంభమైన జగనన్న విద్యాకానుక పథకం కింద ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు బూట్లతోపాటు రెండు జతల మేజోళ్ళు కూడా అందాయి. ప్రభుత్వం మారిన తరువాత, 2025లో సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర పేరుతో ఇచ్చిన కిట్లలోనూ అవి ఉన్నాయి. ఉర్దూలో మోజా అని, తెలుగులో మేజోడు అని పిలిచే ఈ చిన్న వస్తువు బడి వేషంలో భాగం కావడం ఆంగ్లేయుల నుండి మనకు అబ్బిన ఆచారం. అయితే అది కర్మాగారపు సరుకై సామాన్యుని బిడ్డకు చేరిన వైనం మిక్కిలి స్పష్టంగా కనిపించేది అమెరికాలో.

ముందుగా అల్లికను గూర్చి ఒక మాట. మనకు సమీపాననే ఉన్న ధర్మవరంలో పట్టుచీరను పడుగు, పేక అనే రెండు వరుసల దారాలతో నేస్తారు. మేజోడు అలా నేసేది కాదు. ఒకే దారాన్ని ఉచ్చులు ఉచ్చులుగా కూర్చి అల్లేది. ఆ ఉచ్చుల వల్లనే అది సాగుతుంది, కాలిని అంటిపెట్టుకుంటుంది. చేతి సూదులతో జరిగే ఈ పనికి 1589 ప్రాంతంలో ఇంగ్లండులో విలియం లీ అనే ఆయన యంత్రాన్ని కనిపెట్టాడు. పందొమ్మిదవ శతాబ్దంలో ఆవిరియంత్రాలు తోడై అమెరికాలో మేజోళ్ళ మిల్లులు వెలిశాయి.

ఆ శతాబ్దపు చివరి దశాబ్దాలలో అమెరికా బాలుడు మోకాలి వరకే ఉన్న లాగును, బాలిక పొట్టి గౌనును ధరించేవారు. కనిపించే కాలినంతటినీ పొడవాటి మేజోడు కప్పాలి. నగ్నమైన కాలు అమర్యాద. 1870లలో అడ్డచారల మేజోళ్ళు వేడుకగా తొడిగేవారు. ఆ తరువాత నలుపు రాజ్యమేలింది. మురికి కనబడకపోవడం దాని గుణం. రంగు వెలిసి పిల్లల కాళ్ళకు అంటడం దాని దోషం. అందుకే వెలవని నలుపుకు పేరుపడిన జర్మనీ అద్దకపువాడు హెర్మ్స్‌డార్ఫ్ పేరును వ్యాపారులు ప్రకటనలలో గొప్పగా చాటుకునేవారు. మేజోడు జారకుండా లోపలి రవికెకు రబ్బరు పట్టీలు తగిలించి, వాటి కొసలను మేజోటి అంచుకు బిగించేవారు. మోకాళ్ళమీద పడి ఆడుకునే బాలుర మేజోళ్ళు మోకాలి దగ్గరే చిరిగేవి. తల్లులకు సాయంకాలాలు రఫూ పనితోనే సరిపోయేవి! మోకాలి భాగాన్ని రెట్టింపు మందంతో అల్లిన రకాలు అందుకే వచ్చాయి.

1902లో ఔట్‌కోల్ట్ అనే చిత్రకారుడు సృష్టించిన బస్టర్ బ్రౌన్ అనే అల్లరి పిల్లవాడి బొమ్మ మొదట బూట్లకు, పిదప మేజోళ్ళకు కూడా వ్యాపారచిహ్నమైంది. పిల్లల వస్తువును పిల్లల బొమ్మతోనే అమ్మే పద్ధతి అప్పటికే ఆరంభమైంది.

కాని ఆ మేజోళ్ళను చేసిన చేతులెవరివి? బాల కార్మికులను గూర్చి విచారించే జాతీయ సంఘం పక్షాన లూయిస్ హైన్ అనే ఛాయాచిత్రకారుడు మిల్లు మిల్లుకూ తిరిగాడు. 1910 డిసెంబరులో టెనెసీ రాష్ట్రంలోని లౌడన్ మేజోళ్ళ మిల్లులో ఆయన తీసిన చిత్రాలలో ఉన్నవారు చిన్నపిల్లలే. వేళ్ళ దగ్గర తెరచి ఉన్న మేజోటి మొనను ఉచ్చు తప్పకుండా కలపడం, మిగులు దారాన్ని ఊడదీయడం వారి పని. ఒక బిడ్డ మర్యాదగా బడికి వెళ్ళడానికి కావలసిన మేజోటి కోసం మరొక బిడ్డ బడి మానుకున్నదన్నమాట! ఈ ఒక్క విషయం కోసమే ఈ వ్యాసం రాయబూనానని చెప్పినా తప్పులేదు. 1916లో అమెరికా శాసనసభ బాల కార్మికుల పనిపై చట్టం చేయగా, 1918లో అక్కడి సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. నిలిచే చట్టం 1938లో గాని రాలేదు. మన దేశంలో 1986 నాటి చట్టాన్ని 2016లో సవరించి పద్నాలుగేళ్ళ లోపు పిల్లలను పనిలో పెట్టుకోవడాన్ని నిషేధించారు. అయితే బడి వేళల తరువాత కుటుంబ వృత్తిలో సాయపడటానికి మినహాయింపు మిగిల్చారు. మగ్గాల ఇళ్ళలో కండెలు చుట్టే చిన్నారి చేతులను చూసినవారికి ఆ మినహాయింపు ఎంత విశాలమైనదో తెలుసు.

తరువాతి మార్పులు వేగంగా సాగాయి. 1930ల ఆరంభంలో రబ్బరును నూలుతో చుట్టిన లాస్టెక్స్ దారం వచ్చి, మేజోటి అంచే దానిని నిలబెట్టగలిగింది. పట్టీల బంధం సడలింది. బాలనటి షిర్లీ టెంపుల్ పొట్టి తెల్ల మేజోళ్ళతో తెరపై కనిపించిన దశాబ్దమదే. 1940 మే 15న నైలాన్ మేజోళ్ళు దేశమంతటా స్త్రీల కోసం అమ్మకానికి వచ్చాయి గాని, యుద్ధం ఆ దారాన్ని పారాచూట్లకు మళ్ళించింది. చీలమండ వద్ద మడిచిన మేజోళ్ళు ఆ కాలపు కౌమార బాలికలకు గుర్తుగా నిలిచి, వారికి 'బాబీ సాక్సర్లు' అన్న పేరే తెచ్చాయి. 1960లలో గౌనులు మరీ పొట్టివి కాగా, నడుము నుండి పాదం వరకు ఒకటిగా అల్లిన టైట్స్ బాలికలకు వాడుకయ్యాయి. ఒకనాటి పొడవాటి మేజోడు మరో రూపంలో తిరిగి వచ్చిందన్నమాట.

ఇలినాయ్ రాష్ట్రంలోని రాక్‌ఫోర్డ్ పట్టణం ఎర్రని మడమ గల పనివారి మేజోళ్ళకు ప్రసిద్ధి. పాతబడిన ఆ మేజోళ్ళతో తల్లులు కోతిబొమ్మలు కుట్టేవారు; ఎర్ర మడమే కోతి మూతి! ఆ పట్టణంలోనే 1960ల చివర మడమే లేని గొట్టపు మేజోడు పుట్టింది. మడమ ఎక్కడన్న నియమం లేనందున, పాదం పెరుగుతున్నా ఒకే జత కొంతకాలం సరిపోయేది. ఏడాదికొకసారి కిట్ అందుకునే పిల్లలున్న ఇళ్ళవారికి దాని ప్రయోజనం వివరించనక్కరలేదు.